కింద కుడి మూల

నరసరావుపేట బస్టాండు వెనక లాడ్జిలో కార్తీక్ అనే కుర్రాడు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. తల పక్కకి వాలింది. ఎదురుగా లాప్‌టాప్ తెరిచే ఉంది. దాని పక్కన టీ చల్లారి మీగడ కట్టింది.

గుమ్మంలో నిలబడ్డ ఏజెంట్ ఏసురత్నం ముందు చూసింది శవాన్ని కాదు, గోడని. గోడకి అతికించిన టైల్స్‌లో ఒకటి వంకరగా ఉంది.

తర్వాత శవాన్ని చూశాడు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. పాతికేళ్లు నిండి ఉండవు. ఇది జాలిపడాల్సిన సందర్భమని రత్నానికి తెలుసు. తెలియడం వరకే. లోపల ఏదీ కదల్లేదు. కిందటేడు అక్క పోయిందని బావ మెసేజ్ పెడితే, దాని కింద బొటనవేలు గుర్తు నొక్కి మళ్లీ పనిలో పడ్డాడు. అలా నొక్కానన్న సంగతి చాలా రోజులకి గుర్తొచ్చింది. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

మనిషి మొద్దుబారిపోయాడని డిపార్ట్‌మెంట్ అంతటికీ తెలుసు. అలాంటివాడు దొరికినందుకు డిపార్ట్‌మెంట్ లోలోపల సంతోషించింది కూడా.

కోటప్పకొండ రోడ్డు పక్కన ఆపిన కారులో చీఫ్ ధనుంజయరావు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

“హార్బర్. పేరు విన్నావా?”

“విదేశీ ముఠా. ఆయుధాల వ్యాపారమా సార్?”

“కాదు. వీళ్లు బాంబులు పెట్టరు రత్నం. బటన్లు పెడతారు.”

చీఫ్ ట్యాబ్ అందించాడు. ఒక దేశంలో రసాయనాల ఫ్యాక్టరీ, ఇంకో దేశంలో రైల్వే కంట్రోల్ రూమ్. రెండుచోట్లా జనం చచ్చారు. వైరస్ లేదు, హ్యాకింగ్ లేదు. అక్కడ పనిచేసే ఆపరేటరే స్క్రీన్ మీద తప్పు బటన్ నొక్కాడని తేలింది. మానవ తప్పిదం అని రాసి ఫైలు మూశారు. ఒక ఆపరేటర్ జైల్లో ఉన్నాడు. రెండోవాడు ఉరేసుకున్నాడు.

“ఆ రెండు స్క్రీన్లూ డిజైన్ చేయించింది హార్బర్ మనిషి ఒక్కడే. డెల్మర్. మనిషి వేలు ఎక్కడ పడుతుందో ముందే కనిపెట్టి, సరిగ్గా అక్కడ చావుని పెడతాడు. చంపేది వాడు, నింద పడేది ఆపరేటర్ మీద.”

“ఇప్పుడెక్కడ?”

“గురజాల అవతల, నల్లగుట్టపాలెం మంచినీళ్ల ప్లాంటు. నీళ్లలో క్లోరిన్ కలపడం, పంపులు నడపడం అంతా ఇకనుంచి ఒక వెబ్‌సైట్ మీదే. దాన్ని తయారుచేసింది డెల్మర్ కంపెనీ, లాడ్జిలో చచ్చిన కుర్రాడు అందులో ప్రోగ్రామర్. ఎల్లుండి పొద్దున ప్రారంభోత్సవం. ప్లాంటు ఆవరణలోనే షామియానా. ఊరు ఊరంతా వస్తుంది, బడి పిల్లలతో సహా. క్లోరిన్ వాల్వు ఒక్కటి బార్లా తెరుచుకుంటే చాలు, గ్యాస్ కమ్మేసి షామియానా కింద ఒక్క ప్రాణం మిగలదు.”

“ప్రారంభోత్సవం ఆపెయ్యొచ్చుగా సార్.”

“ఆపితే డెల్మర్ విమానమెక్కి పోతాడు. ఇంకో ఊళ్లో ఇంకో స్క్రీన్ పెడతాడు. అదెక్కడో మనకి తెలియదు. క్లోరిన్ గదికి కంపెనీ సీలు ఉంది, పగలగొడితే వాడికి వెంటనే తెలిసిపోతుంది. వాణ్ణి సాక్ష్యంతో పట్టుకోవాలి.”

చీఫ్ ట్యాబ్ వెనక్కి తీసుకున్నాడు. “కంపెనీలో మన మనిషి ఒకావిడ ఉంది. వాసంతి, హెడ్ డిజైనర్. మన జీతమూ తీసుకుంటోంది, వాళ్ల జీతమూ తీసుకుంటోంది. కొన్ని రోజులుగా చప్పుడు లేదు. మారిపోయిందో, మాట్లాడలేకపోతోందో చెప్పలేను. ప్రమాదం ఉంటే ఆవిడ నోట ఒకమాట వస్తుంది, వైట్ స్పేస్, అంటే పేజీలో ఖాళీ, ఎక్కువైందని. జవాబుగా మార్జిన్ తగ్గిద్దాం అనాలి నువ్వు.”

ఈ పనికి రత్నాన్నే పిలవడానికి కారణం ఉంది. గూఢచారి కాకముందు అతను షాపింగ్ వెబ్‌సైట్లు డిజైన్ చేసేవాడు. చూసిపోదామని వచ్చిన మనిషి వేలు, మనిషికి తెలియకుండానే ‘కొను’ అన్న బటన్ మీద పడేలా చెయ్యడం అతని పని. అందులో మంచి పేరుండేది.

“మారుపేరు ఏది సార్?”

“అక్కర్లేదు. ఏసురత్నం అన్న పేరుగలవాడు గూఢచారి అంటే ఎవడు నమ్ముతాడు?”

మారువేషం కూడా సులువుగానే కుదిరింది. నల్ల టీషర్టు, మెడలో ఐడీ కార్డు, స్టిక్కర్లు అతికించిన లాప్‌టాప్. గాడ్జెట్ మాత్రం ఒకటి ఇచ్చారు, చూడటానికి మామూలు కళ్లజోడు. పెట్టుకున్న మనిషి చూపు స్క్రీన్ మీద ఎక్కడెక్కడ ఆగిందో, ఎక్కడ అసలు వాలలేదో అది రాసిపెడుతుంది. ఎక్కువగా చూసిన చోటు ఎర్రగా, నొక్కిన చోటు ఇంకా ఎర్రగా లాప్‌టాప్‌లో కనపడుతుంది.

పిడుగురాళ్ల దాటేసరికి కారు అద్దాల మీద తెల్లగా సున్నపు దుమ్ము పేరుకుంది. నకరికల్లు మీదుగా వచ్చారు. రత్నం పుట్టిన ఊరు అదే. కారు ఊళ్లోంచి పోతున్నంతసేపూ అతను ఫోన్‌లో బ్యాటరీ ఎంతుందో చూసుకున్నాడు.

నల్లగుట్టపాలెం ప్లాంటులో అతనికి మొదట ఎదురైనవి బొట్లు. పంపులకి బొట్లు. కరెంటు ప్యానెల్‌కి బొట్టు. ప్రింటర్‌కి, మంచినీళ్ల కూలర్‌కి, చివరికి కంప్యూటర్ మౌస్‌కి కూడా పసుపు పూసి కుంకుమ అద్ది ఉంది. ఇదంతా సూపర్‌వైజర్ శివరామయ్య చేతి పని. తెల్లారి ప్లాంటుకి రాగానే ఆయన ముందు పళ్లెం పట్టుకుని ఒక చుట్టు చుట్టేవాడు. హాజరు పట్టీలో సంతకం ఆ తర్వాతే.

కొత్త స్క్రీన్ ముందు కూర్చునేది ఆరోగ్యమ్మ. కాంట్రాక్టు ఆపరేటర్. యాభై దాటిన మనిషి, మాట కరుకు. కంపెనీవాళ్లు ఆమెకి కొంతకాలంగా నమూనా సైటు మీద రోజూ ప్రాక్టీసు చేయిస్తున్నారు. రత్నం ఆమెకి కళ్లజోడు పెట్టి, స్క్రీన్ వాడటం ఎలా ఉందో చూసే యూజర్ టెస్టింగ్‌కి వచ్చానని చెప్పి, పక్కన కూర్చున్నాడు.

యూజర్ టెస్టింగ్‌కి ఒకటే నియమం. ఎదుటి మనిషి ఎంత తడబడినా మనం నోరు విప్పకూడదు. సాయం చేస్తే స్క్రీన్‌లో తప్పు బయటపడదు. ఈ నియమం రత్నానికి అలవాటై అలవాటై ఒంట్లోకి ఇంకిపోయింది.

“ఏంది బాబూ, అట్టా గుడ్లప్పగించి చూస్తావేంది? ఏది నొక్కాల్నో చెప్పొచ్చుగా?” అంది ఆరోగ్యమ్మ.

రత్నం మాట్లాడలేదు.

“నోట్లో నాలిక లేదా? చానా చదువుకున్నోడివిగా!”

అయినా మాట్లాడలేదు. ఆమె తిట్టుకుంటూ పంపు ఆన్ చేసింది, ట్యాంకు మట్టం చూసింది. ఉన్నట్టుండి స్క్రీన్ అంతా కప్పేస్తూ ఒక పాపప్ వచ్చింది. దాన్నిండా అక్షరాలు. అడుగున ఎడమ పక్క బూడిదరంగు బటన్, కుడి పక్క పెద్ద ఆకుపచ్చ బటన్. ఆరోగ్యమ్మ వేలు తడుముకోకుండా పోయి కింద కుడి మూల నొక్కింది.

“చదివారా అమ్మా?”

“చదివేదేముంది? అడ్డమొచ్చింది, నొక్కా, పోయింది. రోజూ ఇట్టానే వస్తయ్, ఇట్టానే నొక్కుతా.”

ఇంకో సంగతి కూడా రత్నం కంటపడింది. టచ్ స్క్రీన్ అద్దం మీద నడిమి బటన్‌ని సగం కప్పుతూ శివరామయ్య పెట్టిన బొట్టు ఒకటుంది. దాని దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె వేలు పక్కకి జరిగి, బటన్ అంచు మీద గోటితో నొక్కుతోంది.

“ఆ బొట్టు తుడిచేసుకుంటే సులువు కదమ్మా?”

“ఇంకేమన్నా ఉందా! అది చెరిగితే శివరామయ్య అన్న ఆ పూట అన్నం ముట్టడు. నేను చర్చికి పోయేదాన్నే. ఐనా ఆయన పెట్టిన బొట్టు మీద ఇంతవరకు వేలు పెట్టలా. ఈడ పనిచేసేటోళ్లు ఎవరూ పెట్టరు.”

టెస్టు చివర్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రత్నం యంత్రంలా అడిగాడు. “ఇదంతా చేస్తున్నప్పుడు మీకెలా అనిపించింది?”

ఆరోగ్యమ్మ కళ్లజోడు తీసి అతనివైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెని ఇంతకుముందు ఎవరూ అడిగినట్టు లేరు.

“భయమేసింది బాబూ. కొత్తదిగా. తప్పు నొక్కితే ఆ నీళ్లు తాగేది మా ఊరోళ్లే. నా మనవరాలు కూడా ఈ బళ్లోనే చదువుతుంది. ఏమన్నా అయితే నన్నేగా అనేది.” కళ్లజోడు అతని చేతికిస్తూ అడిగింది. “నీకెట్టా అనిపించింది, నన్ను చూస్తుంటే?”

“టెస్టులో ప్రశ్నలడిగేది నేనమ్మా,” అన్నాడు రత్నం. ‘భయం’ అని టైపు చేసి సేవ్ చేసుకున్నాడు.

గదికెళ్లి కళ్లజోడు రాసిన బొమ్మ తెరిచాడు. స్క్రీన్ అంతా చల్లగా నీలంగా ఉంది. కింద కుడి మూల ఒక్కటీ నెత్తురు మరకలా ఎర్రగా ఉంది. కంపెనీవాళ్లు ఇన్నాళ్లూ ఆమెకి నేర్పింది డాష్‌బోర్డ్ కాదు, ఆ మూలని.

“నమూనా సైటులో ఆ బటన్ ఏమీ చెయ్యదు సార్,” అని చీఫ్‌కి ఫోన్‌లో చెప్పాడు. “ప్రారంభోత్సవం రోజు తెరిచే అసలు సైటు వేరే. దాన్ని స్టేజీ మీదే మొదటిసారి చూస్తాం. ఎడమ బటన్ ఏం చేస్తుందో కూడా అప్పటిదాకా తెలియదు.”

“తెలియకపోతే ఏం చేస్తావ్?”

“తెలియదు సార్,” అన్నాడు రత్నం. అతని గొంతులో బెరుకు లేదు. ఫోన్ పెట్టేసి, పెరుగన్నం తిని పడుకున్నాడు. నిద్ర కూడా బాగానే పట్టింది.

ప్రారంభోత్సవం నాటి ఉదయం షామియానా కింద కుర్చీలు నిండిపోయాయి. ముందు వరసల్లో బడి పిల్లలు యూనిఫారాల్లో కూర్చుని గోల చేస్తున్నారు. స్టేజీ మీద మనిషెత్తు టచ్ స్క్రీన్. తెల్లటి తెర, నడిమధ్య ‘ప్రారంభించు’ అని ఒకే ఒక్క బటన్. మిగతా అంతా ఖాళీ.

శివరామయ్య అప్పటికే దానికి బొట్లు పెట్టాడట. డెల్మర్ వాటిని స్పిరిట్‌తో తుడిపించేశాడు. డిజైన్ క్లీన్‌గా ఉండాలన్నాడట. పాపం పెద్దాయన పసుపు కుంకుమల పళ్లెం చేతిలో పట్టుకుని, స్టేజీ మెట్ల దగ్గర ముఖం ముడుచుకుని నిలబడ్డాడు.

డెల్మర్ మెడలో శాలువాతో, ముఖంలో నవ్వుతో గేటు పక్కన నిలబడి ఉన్నాడు. గాలి అతనివైపు నుంచి షామియానా మీదికి వీస్తోంది, గ్యాస్ లేచినా అతన్ని తాకదు. గేటు బయట కారు ఇంజన్ ఆడుతూనే ఉంది. అతని కుడిచేతిలో ఫోన్. చీఫ్ మనుషులు మఫ్టీలో చెరుకురసం బండి దగ్గరొకరు, బెలూన్లు అమ్ముతూ ఒకరు ఉన్నారు. ఒక వేలు ఫోన్ మీద పడేలోపు అక్కడికి చేరుకోవడం వాళ్లవల్ల కాదు.

అప్పుడు వాసంతి వచ్చింది. నెమలిపింఛం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో మైకు. ఊళ్లో మగవాళ్లంతా ప్రసంగాలు వినడం మానేశారు. ఆమె నేరుగా రత్నం దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా అంది.

“రత్నం గారూ, హోమ్ పేజీలో కింద కుడి మూల వైట్ స్పేస్ ఎక్కువైంది కదండీ?”

“మార్జిన్ తగ్గిద్దాం,” అన్నాడు రత్నం.

ఆమె చేతి మైకు ఆపేసి, అతని కాలర్‌కి చిన్న మైకు తగిలిస్తున్నట్టు దగ్గరికి జరిగింది. పెదవులు కదలకుండా మాట్లాడింది.

“ప్రారంభించు నొక్కగానే పాపప్ వస్తుంది. కుడి బటన్ వాల్వు తెరుస్తుంది. ఎవరైనా అరిచినా, కరెంటు తీసినా డెల్మర్ తన ఫోన్‌లో అదే బటన్ తనే నొక్కేస్తాడు. ఎడమ బటన్‌ని కార్తీక్ మార్చాడు. అనుమానమొచ్చి అతన్ని చంపారు గానీ, ఏం మార్చాడో వాళ్లకి తెలియదు. అది నొక్కితే వాల్వుకి తాళం పడుతుంది, ఈ స్క్రీన్ తప్ప మిగతావాళ్లందరి లాగిన్లూ తెగిపోతాయి. ఆమె ఎడమది నొక్కాలి. ఆమెతో ఏమీ చెప్పకూడదు, ఆమె ఒంటిమీద మైకుంది, డెల్మర్ వింటున్నాడు.”

“నువ్వు చెప్పేది నిజమని నమ్మకం ఏమిటి?”

“కార్తీక్ నాకోసమే మార్చాడు. నేను అడిగాననే మార్చాడు.” నల్ల అద్దాల కిందినుంచి ఒక చుక్క చెంప మీదికి జారింది. “ఇంతకంటే నా దగ్గర రుజువు లేదు.”

ఆ కన్నీరు నిజమైనదా, డబ్బు కోసం కార్చిందా అని రత్నం చూశాడు. అతనికి తెలియలేదు. ఒకప్పుడైతే తెలిసేది.

మైకులో పిలుపు వినపడింది. “ఈ డాష్‌బోర్డ్‌ని మన ఆపరేటర్ ఆరోగ్యమ్మ గారి చేతుల మీదుగా ప్రారంభిద్దాం!” పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆరోగ్యమ్మ చెంగు నడుముకి దోపుకుని, సిగ్గుపడుతూ మెట్లెక్కింది. ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి కుర్చీమీదెక్కి “నానమ్మా!” అని అరిచింది.

రత్నానికి ఆ రెండు జడలు కనిపించాయి. తర్వాత శివరామయ్య చేతిలో పళ్లెం కనిపించింది.

“ఏంది బాబాయ్!” అన్నాడు వాసంతి చేతిలోని మైకు అందుకుని. ఎన్నో ఏళ్లుగా అతని నోట రాని యాస అది. “బొట్టు పెట్టకుండా ఏ పనన్నా మొదలుపెడతారా ఎక్కడన్నా?”

“అట్టా అడగవయ్యా!” అని జనంలోంచి ఎవరో అరిచారు. షామియానా అంతా గొల్లున నవ్వింది. శివరామయ్య ముఖం విప్పారింది. రత్నం ఆయన చేతిలోంచి పళ్లెం తీసుకుని స్క్రీన్ దగ్గరికి నడిచాడు.

గేటు దగ్గర డెల్మర్ కనుబొమలు ఎత్తాడు. స్క్రీన్ మీద నడిమి బటన్ తప్ప మరేమీ లేదు, ఎవరు ఎక్కడ ఏం పూసినా నష్టం లేదు. ఊళ్లోవాళ్ల సరదా అనుకుని నవ్వి, ఫోన్ ఎత్తి ఫొటో కూడా తీశాడు.

చుట్టూ తెల్లగా ఖాళీ. కానీ తెర ఎంత పెద్దదైనా, పాపప్ వస్తే ఆ కుడి బటన్ సరిగ్గా ఎక్కడ తేలుతుందో రత్నానికి తెలుసు. ఆ ఎర్రటి మరక అతని కళ్లలో అచ్చుపడి ఉంది. ఉంగరపు వేలితో పసుపు ముద్ద తీసుకుని, ఆ చోట అరచెయ్యంత వెడల్పున పూసి, మధ్యలో కుంకుమ అద్దాడు. చర్చి మెట్ల మీద పెరిగిన మనిషి, ఒక బొట్టు తన చేత్తో పెట్టడం అదే మొదలు.

“పైన మధ్యలో పెట్టాల్నయ్యా,” అన్నాడు శివరామయ్య నొచ్చుకుంటూ.

“ఈడే బాగుంటది బాబాయ్.”

ఆరోగ్యమ్మ కళ్లు మూసుకుని ప్రభువుని తలచుకుంది. ‘ప్రారంభించు’ నొక్కింది.

పాపప్ వచ్చింది. నిండా అక్షరాలు. ఆకుపచ్చ బటన్ సరిగ్గా పసుపు కిందికి వచ్చి, చుట్టూ అంచు మాత్రం సన్నగా కనపడుతోంది. ఆరోగ్యమ్మ అక్షరాలు చదవలేదు. వేలు తడుముకోకుండా కింద కుడి మూలకి పోయింది.

రత్నం నోరు విప్పకూడదు. విప్పలేదు.

వేలు పసుపుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

“అయ్యో, అన్న బొట్టు,” అనుకుంది ఆరోగ్యమ్మ పైకే. వేలు పక్కకి జరిగింది. ఆ సన్నటి ఆకుపచ్చ అంచు మీద క్షణం తచ్చాడింది. అక్కడ గోరు పెట్టేంత చోటు కూడా లేదు. ఇంకా జరిగింది. ఎడమ పక్కన, ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా ముట్టని బూడిదరంగు బటన్ నొక్కింది.

క్లోరిన్ గదిలో టక్‌మని ఇనుప చప్పుడు. స్క్రీన్ మీద నాలుగు ముక్కలు కనపడ్డాయి. ‘వాల్వు మూసి తాళం వేయబడింది.’

పిల్లలు చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర డెల్మర్ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది. అతని బొటనవేలు ఫోన్ మీద గబగబా కదిలింది. సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వమంది ఫోన్. పాస్‌వర్డ్ కొట్టాడు. తర్వాత ఇంకో తెర వచ్చింది. మీరు మనిషేనని నిరూపించండి అంటూ బొమ్మలు చూపించి, అందులో ట్రాఫిక్ లైట్లు ఎక్కడున్నాయో గుర్తించమంది. అతను రెండో బొమ్మ దగ్గర తటపటాయిస్తుండగా బెలూన్లవాడు ఆ ఫోన్ లాక్కున్నాడు, చెరుకురసంవాడు బేడీలు వేశాడు. ఆ బొమ్మల వెనక వాల్వు తెరిచే పేజీ తెరిచినది తెరిచినట్టే ఉంది. చీఫ్ అడిగిన సాక్ష్యం అదే.

సాంకేతిక కారణాలవల్ల ప్రారంభోత్సవం వాయిదా పడిందని మైకులో చెప్పారు. జనం టిఫిన్ పొట్లాలు అందుకుని ఇళ్లకి పోయారు. తాము చావుకి ఎంత దగ్గరగా వెళ్లి వచ్చారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. వాసంతి చీఫ్ కారెక్కేముందు రత్నాన్ని ఒకటే అడిగింది, కార్తీక్ ముఖం ఎలా ఉందని. టైలు వంకరగా ఉందన్న సంగతి తప్ప రత్నానికి ఏమీ గుర్తురాలేదు. “ప్రశాంతంగానే ఉన్నాడు,” అని చెప్పాడు.

పంపు హౌస్ మెట్ల మీద ఆరోగ్యమ్మ రెండు గ్లాసుల టీ తెచ్చి కూర్చుంది. ఆమెకి మాత్రం రత్నం నిజం చెప్పాడు. చెప్పకూడదు, అయినా చెప్పాడు. ఆమె చాలాసేపు తన చూపుడు వేలిని తిప్పి తిప్పి చూసుకుంది.

“అందరూ పోయేవోళ్లు. నా పిల్ల కూడా. నా వేలితోనే,” అంది చివరికి. “నేనే చంపాననేవోళ్లు గదా బాబూ?”

“అవునమ్మా.”

ఆమె చెంగుతో కళ్లొత్తుకుంది. అతనివైపు తిరిగింది. “నా వేలు ఆడికి పోయేటప్పుడు నువ్వు నోరు తెరవలా. చూస్తా నిలబడ్డావ్. అప్పుడు నీకెట్టా అనిపించింది?”

రత్నం నోరు తెరిచాడు. “టెస్టులో...” అని ఆపేశాడు. ఆరోగ్యమ్మ సాయం చెయ్యలేదు. మొన్న అతను కూర్చున్నట్టే, కదలకుండా చూస్తూ కూర్చుంది. అతను గ్లాసు పట్టుకున్న తన చేతివైపు చూసుకున్నాడు. ఉంగరపు వేలికి పసుపు ఇంకా అలాగే ఉంది.

“మా అక్క పోయిందమ్మా,” అన్నాడు.

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలియదు. అది బయటికొచ్చాక వెనకే ఏడుపు వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాడు. టీ సగం ఒలికిపోయింది.

“ఎప్పుడయ్యా?” అంది ఆరోగ్యమ్మ గాభరాగా.

“నిరుడు.”

ఆమె అతని తల మీద చెయ్యేసి, అలాగే ఉంచి, తన గ్లాసులో టీ సగం అతని గ్లాసులో పోసింది.

“నిరుడు పోతే ఇప్పుడా? మా ప్లాంటు పాత కంప్యూటరే నయం బాబూ, నీకన్నా తొరగా లోడయ్యేది.”